మాంసమునకు మాఱు: వేషమా? సారమా?

2025 ఫిబ్రవరి మాసమున తణుకు మండలపు వేల్పూరునందును, పెరవలి మండలపు కానూరునందును, ఉంగుటూరు మండలపు బాదంపూడియందును కోళ్లఫారములలో బర్డ్ ఫ్లూ బయలుదేఱెను. కోళ్లను చంపి గోతులలో పూడ్చిరి. ఏలూరునను తాడేపల్లిగూడెమునను కోడిమాంసము కొనువారు వెనుదీసిరి. మాంసమునకు మాఱేమి యను ప్రశ్న అప్పుడు పుట్టినది. వ్యాధి తగ్గినది, ప్రశ్నయు మఱుపున పడినది. అది మఱువదగిన ప్రశ్న కాదని మా నమ్మకము. దానికి నేడు వినవచ్చుచున్న ప్రత్యుత్తరములు రెండును త్రోవ తప్పినవని మా వాదము.

మొదటిది శాకాహారాభిమానుల ప్రత్యుత్తరము. మాంసము తామసము, దానిని విడువుడని వారి యుపదేశము. ఈ యుపదేశ మెవ్వరికి? 2014లో భారత ప్రభుత్వము జరిపిన నమూనా నమోదు సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున పదునైదేండ్లు నిండినవారిలో నూటికి 98 మంది మాంసాహారులు. ఇద్దఱి కులాచారమును తొంబదియెనిమిది మందికి ధర్మముగా బోధించుట సంస్కారమా, అహంకారమా? అద్దెయింటికై వచ్చినవానిని ‘మీరు మాంసము తిందురా?’ అని యడుగుట మన పట్టణములలో కులమడుగుటకు మఱియొక మాట. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము అంగన్వాడీ బిడ్డలకు గ్రుడ్డు పెట్టనీయలేదు. గ్రుడ్డు తీసివేసిన చేయి ఆ విస్తరిలో దానికి సరివచ్చు వస్తువును పెట్టినదా యని యడుగువారు లేకపోరాదు. కొల్లేటి లంకలలో వలవేసి బ్రదుకువానికి కొఱ్ఱమీను పాపము కాదు, అన్నము. వానిని నీచునిగా జూచు నోటితో ఆహారసంస్కరణము పలుకరాదు.

రెండవది వర్తకుల ప్రత్యుత్తరము. మాంసమువలె నమలబడు ముక్కలు, మాంసమువలె వాసనవేయు ముద్దలు పెట్టెలకెక్కి పట్టణముల పెద్ద దుకాణములకు వచ్చుచున్నవి. జంతువును చంపక కణములనుండి మాంసమును పెంచు పరిశోధనకై 2019లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కిని, మాంస పరిశోధనా కేంద్రమునకును కేంద్ర ప్రభుత్వము ధనమొసగినది. అట్టి మాంసమును అమ్ముటకు 2020లో సింగపూరు అనుమతించినది. పరిశోధనకు మేము విరోధులము కాము. కాని ఊడ్పులకు పోయివచ్చిన కూలిది ఈ సాయంకాలమే పొయ్యిమీదికేదో యెక్కింపవలెను. ఆమె కొనలేని పెట్టె ఆమెకు మాఱు కానేరదు.

వర్తకులనననేల? మన పెండ్లివిందులలోనే ఈ వేషపు మోజు ఉన్నది. గోదావరి జిల్లాల పనసకాయ బిరియాని కడు రుచియైనది. దానికి మేమును చేయిచాతుము. దాని నార మాంసపు నారను బోలును. ఇంతలో మాంసపు బలము దాని కబ్బునా? పచ్చి పనస నూఱు గ్రాములలో మాంసకృత్తులు రెండు మూడు గ్రాములకు మించవు. కోడిమాంసమున సుమారు ఇరువది. మినుములలో ఇరువదికి పైగా. మీల్ మేకరున ఏబదికి పైగా. ప్రోటీనునకు మాంసకృత్తని పేరు పెట్టినవారు మంచి పని చేసిరి. మాంసమును చేయునది యని దాని యర్థము. మాంసమునందే యుండునది యని కాదు. వేషము పనసది, సారము పప్పుది.

మీల్ మేకరు మాటయు చెప్పవలెను. అది నూనె తీసిన సోయాపిండితో చేసినది. ఆ పిండియే మొక్కజొన్నతో గలిసి బ్రాయిలరు కోడికి మేతగా పోవుచున్నది. కోడి కిలో బరువెక్కుటకు సుమారు ఒకటిన్నర మొదలు రెండు కిలోల మేత కావలయును. ఆ పిండిని నేరుగా వండుకొనుట తెలివియే. పేదయిండ్లకును వసతిగృహములకును చేరిన ఈ వస్తువును మేము నిందింపము. అయినను సోయా మన డెల్టా పంట కాదు; ఆదిలాబాదునుండియో మధ్యప్రదేశ్ నుండియో రావలెను. మన పంట మినుము.

కృష్ణా గోదావరుల నడిమి పల్లములలో, దాళ్వాకు నీరందని చేల యందు, వరి కోతకు రెండు మూడు దినముల ముందు నిలిచియున్న పైరులోనే మినుములు చల్లుట రైతు లెఱిగిన విద్య. దున్నుట లేదు, తడి పెట్టుట లేదు. మాగాణిలో మిగిలిన పదునుతో, మంచుతో ఆ పైరు పండును. నేలకు నత్రజనిని గూడ కూర్చును. ఇంతకంటె చవుకగా మాంసకృత్తును పుట్టించు కర్మాగార మెక్కడ నున్నది?

ఆ మాగాణులెన్నో నేడు చేపలచెఱువులైనవి. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్సర్ ఒడంబడికలో చేరినది. 2006లో సరస్సులోని అక్రమపు చెఱువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టినది. పిమ్మట చెఱువులు మరల లేచినవి. నూనె తీసిన తవుడును, తెలకపిండిని తిని పెరిగిన బొచ్చెలు, శీలావతులు మంచుపెట్టెలలో వంగదేశమునకును అస్సామునకును పోవుచున్నవి. తవుడు మనము తినము, చేపకు వేయుట తప్పుగాదందురా? ఒప్పుకొందుము. కాని చెఱువు మ్రింగిన చేను వరియు మినుమును పండిన చేను. లాభము చెఱువు యజమానిది. నష్టము సరస్సుది, కూలిపని పోయినవారిది.

దీనికి ఆక్షేపణలున్నవి. ఉడికిన పప్పు నీరు పీల్చుకొనును గనుక గిన్నెడు పప్పు గిన్నెడు మాంసమునకు సాటిరాదు. నిజమే, కావున పప్పుచారు నీళ్లను పప్పని వడ్డించుట మానవలెను. బి12 విటమిను మొక్కలలో దొరకదు. నిజమే, పాలో, మజ్జిగయో, గ్రుడ్డో తోడుండవలెను. మినుమునకు పల్లాకు తెగులు పట్టును, ధర నిలువదు. ఇదియు నిజమే; అందుచేతనే రైతు చెఱువు త్రవ్వుచున్నాడు. ఆ దోషము రైతుది కాదు, వానిని విడిచిన రాజ్యనీతిది.

కావున మే మడుగునది స్వల్పము. తెగులును తట్టుకొను విత్తనము వేళకు రైతుకు చేరవలెను. ఈ ప్రాంతపు బడులకును వసతిగృహములకును కావలసిన పప్పును ప్రభుత్వము ఈ ప్రాంతపు రైతునొద్దనే, నిలుకడయైన ధరకు కొనవలెను. గ్రుడ్డు తినుబిడ్డకు గ్రుడ్డు పెట్టుచు, తినని బిడ్డకు సున్నియుండయో, గట్టిపప్పో సరిపాళ్లలో పెట్టవలెను. మాంసము తినువాడు తగ్గించుకొనదలచినచో వానికి సాయపడవలెనే గాని వానికి సిగ్గు కలిగింపరాదు.

మినపప్పు మాంసమువలె నటింపనక్కఱలేదు. దానికి తన పేరు, తన రుచి ఉన్నవి. లేనిది విస్తరిలో తగినంత చోటు. అది దొరకువఱకు శాకాహారమును గూర్చిన మన యుపన్యాసములు కడుపునిండినవాని కాలక్షేపము మాత్రమే.