చెమటకు సూదా అని నవ్వకండి

హైటెక్ సిటీలో చంకల్లో చెమటకు సూదులు వేస్తున్నారంటే రచ్చబండ కాడ ఒకటే నవ్వులు. "చెమట పట్టుడు కూడా రోగమేనా? నాలుగు రోజులు చేనుకు తోలితే అదే తగ్గుతది" అంటున్నారు. నాకైతే ఆ మాట నచ్చలేదు.

మనకు ఎండలో చెమట పడుతది, నీడకొస్తే ఆరుతది. ఒళ్లు చల్లబడటానికే అది. ఈ రోగం ఉన్నోళ్లకు అట్ల కాదు. ఏసీ గదిలో కూసున్నా చొక్కా తడిసిపోతది. మరక కనబడొద్దని నల్ల చొక్కాలే వేస్తారు, మీటింగులో చెయ్యి ఎత్తరు. చాలామందికి చదువుకునే వయసులోనే మొదలవుతది, కొన్ని ఇండ్లల్లో తండ్రికో అన్నకో కూడా ఉంటది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన కాడి నుంచి మన ఊళ్ల పిల్లలే ఆ మాదాపూర్ దారి పట్టిండ్రు. మనం నవ్వేది మన పిల్లలనే.

మందు పేరు బొటాక్స్. మొహం ముడతలకు వేసేదీ ఇదే, అందుకే సోకు అనుకుంటాం. మేతలో ఫాస్ఫరస్ తక్కువైన పశువులు చచ్చిన గొడ్ల ఎముకలు నమిలి కాళ్లు పడిపోతాయే, ఆ బొటులిజం తెచ్చే క్రిమి జాతి విషంతోనే దీన్ని తయారుచేస్తారు. మోతాదు అతి తక్కువ. నరం కొసన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే చెమట గ్రంథి కదులుతది, సూది దాన్ని ఆపుతది. అయోడిన్ పూసి పైన పిండి చల్లితే చెమట వచ్చే చోటు నల్లగా తేలుతది. అక్కడ ఒక్కో చంకలో పది పదిహేను చిన్న సూదులు వేస్తారు. అమెరికాలో 2004లోనే దీనికి అనుమతి ఇచ్చారు.

అసిటైల్‌కోలిన్ సంగతి మనకూ కావాలె. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు ఒంట్లోకి పోతే అదే రసాయనం విరిగిపోక పేరుకుంటది. చెమటలు, నోట్లో చొంగ, కంటిపాప సూదిమొనంత అవుడు, ఊపిరాడకపోవుడు. మందు కొట్టి వచ్చినోడికి ఇట్లయితే ఎండదెబ్బ అనుకొని మజ్జిగ తాపి పండబెట్టకండి. బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా దవాఖానకు ఉరకాలె.

అట్లని అందరూ పోయి సూదులు వేయించుకోమని నేననను. దాని పని ఆరేడు నెలలే, మళ్లీ వేయించాలె, ప్రతిసారీ వేలల్లో ఖర్చు. ముందు అల్యూమినియం క్లోరైడ్ లోషన్ ఉంది. రాత్రి చంకలు బాగా తుడిచి, పొడిగా ఉన్నప్పుడు రాసి పండుకుంటే చాలామందికి సరిపోతది. కొంచెం మంట ఉంటది. కొండాపూర్‌లో బోర్డు చూసి లోపలికి పోయేకంటే ముందు ఉస్మానియాలోనో గాంధీలోనో చర్మ డాక్టరుకు చూపించుకోమంటా. చెమట ఆపితే విషం లోపలే ఉంటదన్న భయం మాత్రం వద్దు, ఆ పని మూత్రపిండాలది. చెమట మిగతా ఒళ్లంతా పడుతూనే ఉంటది.

ఒంటి నిండా కొత్తగా చెమటలు పట్టినా, రాత్రి పక్క తడిసి మనిషి సన్నబడుతున్నా అది వేరే లెక్క. టీబీ, థైరాయిడ్ చూపించాలె. గర్భిణులు, కండరాల నీరసం జబ్బు ఉన్నోళ్లు ఆ సంగతి సూదికి ముందే డాక్టరుకు చెప్పాలె.