“మీకు పొలం ఉంది కదా” అంటూ కుక్కల్ని మన మీదకి తోలేవాళ్లకు, వాళ్లకి తలూపే మనకు

కాలవ నీళ్ల గురించో మినుము రేటు గురించో రాస్తాడనుకుని తెరిచినవాళ్లు ఏమీ అనుకోవద్దు. ఇవాళ కుక్క గురించి. నవ్వితే నవ్వండి గానీ ఆఖరిదాకా చదవండి.

ఈ ఏడాదిలో నాకిది మూడో ఫోను. “అన్నా, మీకు పొలం ఉంది కదా. మావాడు ఫ్లాట్‌లో ఉండలేకపోతన్నాడు. మీ కాడైతే హాయిగా తిరుగుతాడు.” మావాడంటే కొడుకనుకునేరు, కుక్క. ఏడాదిన్నర లాబ్రడార్. సోఫా కొరికిందంట, పక్క ఫ్లాట్ పెద్దాయన మీదకి ఎగిరిందంట, పొద్దస్తమానం మొరుగుతుందని అపార్టుమెంటు వాళ్లు నోటీసు అంటించారంట. ఇన్నాళ్లకి మనం గుర్తొచ్చాం.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుద్ది. పట్నంలో పనికిరాని వస్తువు ఏదున్నా పల్లెకి పంపడం అలవాటైపోయింది. పాత ఫ్రిజ్జు, పాత మంచం, చిరిగిన సోఫా, ఇప్పుడు ఆ సోఫా చింపిన కుక్క. 2015లో రాజధాని అన్నారు, భూసమీకరణ అన్నారు, అప్పట్నించి మంగళగిరి, తాడేపల్లి చుట్టూ అపార్టుమెంట్లు ఎట్లా లేచాయో మీరూ చూశారు. అవి లేచిన కాడల్లా కుక్కపిల్లలు దిగినయ్యి. నలభై అయిదు రోజుల పిల్ల దూదిబంతిలా ఉంటది, ఫొటోకి బాగుంటది. ఎనిమిదో నెలలో అది పాతిక కిలోల జంతువు అవుద్దని అమ్మినోడు చెప్పడు, కొన్నోడు అడగడు.

అసలు ఆ కుక్కలు ఎందుకు పుట్టాయో చూడండి. లాబ్రడార్ మూలం కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఉంది. చలినీళ్లలో దిగి జాలర్లకి వలలు, జారిపోయిన చేపలు లాక్కొచ్చిన కుక్కల వంశం అది. జర్మన్ షెపర్డ్ పేరులోనే ఉంది, గొర్రెలు కాసే కుక్క, రోజంతా మంద చుట్టూ తిరిగే పని. హస్కీ సైబీరియా మంచులో బండి లాగేది. దాన్ని తెచ్చి బెజవాడ మే నెల ఎండలో మూడో అంతస్తు బాల్కనీలో కట్టేసేవాళ్లని ఏమనాలో నాకు తెలుగులో మాట దొరకలేదు. దొరికినవి ఇక్కడ రాసేవి కావు. తరతరాలుగా పని కోసం పెంచిన జాతిని పని లేకుండా నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే అది సోఫా కాక ఏం కొరుకుద్ది? అది అల్లరి కుక్క కాదు, పని లేని కుక్క.

దూరం ఎందుకు, మన డెల్టా కుక్కనే తీసుకోండి. జోనంగి అని కొల్లేరు చుట్టుపక్కల ఉండేది. పొట్టి వెంట్రుక, సన్నటి ఒళ్లు, మొరగడం తక్కువ, ఒక రకంగా కూత పెడుద్ది. గొయ్యి తవ్వుకుని అందులో పడుకునే అలవాటు. బాతుల మందలు తోలేవాళ్ల వెంట ఉండేది. పొలాలు చేపల చెరువులయ్యాయి, దాని పని పోయింది, పనితో పాటు అదీ పోతా ఉంది. ఇప్పుడు జోనంగి అంటే మన పిల్లలు ఊరి పేరనుకుంటున్నారు. పెట్టే తిండి వల్ల కాదు, చేసే పని వల్ల కుక్క నిలబడుద్దని దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇక్కడిదాకా పట్నం వాళ్లని తిట్టాను కాబట్టి మీరు లైకు కొట్టుంటారు. ఇప్పుడు మన సంగతి.

కారులో కుక్క దిగుద్ది. దాంతో పాటు స్టీలు గిన్నె, రంగు బెల్టు, సగం సంచి మేత. వాళ్ల పిల్లలు ఏడుస్తారు, “వారం వారం వచ్చి చూస్తాం అంకుల్” అంటారు. మనం కూడా లోపల కాస్త పొంగిపోతాం, ఫారిన్ కుక్క ఫ్రీగా వచ్చిందని. మోటరు కాడ కేబులు దొంగలకి భయం ఉంటదని ఒక లెక్క. (లాబ్రడార్ దొంగని చూస్తే తోకూపి చెయ్యి నాకుద్ది. అదేమన్నా సాయం చేస్తే కేబులు మోసుకెళ్లడంలో చేస్తది.) మూడు రోజులు ఇంట్లో పిల్లలు ఆడుకుంటారు. నాలుగో రోజు కోడిపెట్టని పట్టుద్ది. ఆరో రోజు నారుమడిలో దొర్లుద్ది. తొమ్మిదో రోజుకి మోటరు షెడ్డు కాడ ఇనప గొలుసు. ఆ తర్వాత అది అరుస్తానే ఉంటది, మనం “పిచ్చికుక్కరా ఇది” అంటానే ఉంటాం. ఆ పిల్లలు ఒక్కసారీ రారు.

ఫ్లాట్‌లో బాల్కనీ, మన కాడ మోటరు షెడ్డు. గొలుసు పొడవు అదే. మరి దానికి దొరికిన పొలం ఏది?

గొలుసు తీసి వదిలేసినా తీరదు. ఎకరం ఉంటే కుక్క ఎకరమంతా పరిగెత్తి అలిసిపోద్దని వాళ్ల ఊహ. ఒక్కదాన్నే వదిలితే అది గట్టు మీద కూర్చుని మనిషి ఎప్పుడొస్తాడా అని దారి చూస్తుంది. లేకపోతే పక్కోడి గొర్రెల మీద పడుద్ది, లేకపోతే హైవే ఎక్కుద్ది. దానికి కావాల్సింది స్థలం కాదు, వెంట నడిచే మనిషి. ఆ మనిషి మన ఇళ్లలో ఎవరు? నాట్లప్పుడు, కోతలప్పుడు మనకే అన్నం తినే టైం ఉండదు.

ఇది ఊరికే చెప్పట్లేదు. నాలుగేళ్ల కింద నేనూ ఇట్లాగే ఒక జర్మన్ షెపర్డ్‌కి తలూపాను. తెలిసినాయన ఇచ్చాడు, కాదనలేకపోయాను. రెండు నెలలు వేపచెట్టు కింద కట్టేసి ఉంచాను. పొద్దున ఒక ముద్ద, రాత్రి ఒక ముద్ద. ఒకరోజు బెల్టు తెంచుకుంది. ఆ వారం వరిలో ఎలుకలు బాగా ఉన్నాయని నేను మందు పెట్టి ఉన్నాను. మీకు తెలిసిందే, 96 పాళ్లు నూకలు, రెండు పాళ్లు నూనె, రెండు పాళ్లు జింక్ ఫాస్ఫైడ్, పొట్లాలు కట్టి బొరియల్లో. మనకి అది ఎలుక మందు. ఆకలి మీదున్న కుర్ర కుక్కకి నూనె వాసన తగిలిన అన్నం. కడుపులోకి వెళ్లాక అది విషవాయువు అవుద్ది, దానికి విరుగుడు లేదు. డాక్టరు కాడికి తీసుకెళ్లేలోపే ఆటోలో పోయింది. మందు పెట్టింది నేనే, కట్టేసింది నేనే, వద్దని చెప్పాల్సిన రోజు నోరు తెరవనిదీ నేనే. ఇచ్చినాయన ఫోను చేసి “ఎట్లా ఉన్నాడు మావాడు” అంటే, బాగున్నాడని రెండు సార్లు అబద్ధం చెప్పాను. మూడోసారి ఆయన చెయ్యలేదు.

అందుకే ఈ పోస్టు.

ఒక్కటి ఆలోచించండి. గేదెను కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, ఎన్నో ఈత అని అడుగుతాం, రెండు పూటలు మన ఎదురుగా పిండమంటాం. తన్నే గేదెను సాధువని చెప్పి అంటగడితే ఊళ్లో పెద్దమనుషుల ముందు కూర్చోబెడతాం. కుక్కకి అవేమీ లేవు. ఇచ్చేవాడు “చాలా మంచిదండీ, పిల్లలంటే ప్రాణం” అంటాడు. కరిచిన సంగతి చెప్పడు. టీకా చీటీ అడిగితే “వేయించాం అనుకుంటా” అంటాడు. అనుకునేదేందయ్యా, అది రేబిస్!

ఆ జబ్బు మనకి పట్నం వాళ్ల కంటే దగ్గర. టీకా లేని కుక్క ఊళ్లో కలిస్తే ఊరకుక్కల గుంపు దాన్ని కొరుకుద్ది, అది వాటిని కొరుకుద్ది, రేపు చావిట్లో గేదెను కొరుకుద్ది. గేదె మేత మానేసి, చొంగ కారుస్తా, గొంతు మార్చి అరుస్తా ఉంటే మనం నోట్లో ఏదో ఇరుక్కుందని చెయ్యి పెడతాం. ఆ చెయ్యి పెట్టినోడికీ ప్రమాదమే. కుక్క కరిస్తే పసుపు, కారం పెట్టొద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి, వాళ్లు చెప్పిన తేదీలన్నిటికీ పోవాలి. మన పశువైద్యశాలల్లో ఏటా జులై 6న, జూనోసిస్ దినం రోజు, పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు వరుసలో బెల్టు కుక్కలే కనపడతాయి, మన గొలుసు కుక్కలు కనపడవు.

చట్టం కూడా ఉంది, నవ్వొచ్చే చట్టం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలికి దప్పికకి అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. హైవే సర్వీస్ రోడ్డు పక్కన కారు ఆపి, తలుపు తీసి, కుక్కని దించి వెళ్లిపోయేవాడికి ఆ యాభై ఒక లెక్కా? అరవై అయిదేళ్లుగా ఆ అంకె అట్లాగే ఉంది. కానీ అదే సెక్షన్లో ఇంకో మాటుంది, అది మనకి. ఎప్పుడూ గొలుసుకే ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడమూ నేరమే. కాబట్టి వాళ్ల వైపు వేలు చూపేటప్పుడు మన మోటరు షెడ్డు కేసి కూడా ఒకసారి చూసుకుందాం. 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, వీధికుక్కని దత్తత తీసుకున్నవాళ్లు అది మళ్లీ వీధికి రాకుండా చూసుకోవాలని ఉంది. వీధిలో పుట్టినదానికే అంత బాధ్యత ఉంటే, వేలు పోసి కొన్నదానికి ఎంత ఉండాలి?

“అయితే ఏం చేయమంటావు, చంపుకోమంటావా” అని మొన్న ఫోన్లో ఆయన గట్టిగానే అడిగాడు. నేనూ గట్టిగానే చెప్పాను. ముందు మూడు నెలలు పొద్దున గంట, సాయంత్రం గంట కృష్ణ కరకట్ట మీద తిప్పు. బంతి విసిరి తెప్పించు, కూర్చో అంటే కూర్చోవడం నేర్పు, అన్నం గిన్నెలో పొయ్యకుండా వెతుక్కుని తినేటట్టు పెట్టు. ఆపరేషన్ చేయించు. దాంతో దూకుడంతా పోద్దని కాదు, ఊరి మీద పడి తిరగడం తగ్గుద్ది. రెండు మూడేళ్లు వచ్చేసరికి చాలా కుక్కలు వాటంతటవే నెమ్మదిస్తాయి. నువ్వు ఇచ్చేద్దామనుకుంటున్నది సరిగ్గా దాని పదహారేళ్ల వయసులో. మీ అబ్బాయి పదహారేళ్లప్పుడు తలుపులు దబదబా వేస్తే పొలానికి పంపావా?

ఆయన ఫోను పెట్టేశాడు. రెండు రోజులకి కుక్కతో వచ్చాడు. భార్యకి ఒంట్లో బాగోలేదు, ఆ మాట ఫోన్లో చెప్పలేకపోయాడంట. ఈసారి నేను తలూపలేదు, షరతు పెట్టాను. ఇది నాది కాదు, ఇల్లు దొరికేదాకా నా కాడ ఉంటది. మేత ఖర్చు నీదే. టీకాలు, ఆపరేషన్ నీ డబ్బులతోనే. కుదరకపోతే నీ గుమ్మానికే తిరిగొస్తది. దాని తప్పులన్నీ కాగితం మీద రాసివ్వు. రాసిచ్చాడు, ఒక పేజీ నిండింది. ఆయన్ని తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకుంటున్నా.

ఎలుక మందు ఈ కారు పెట్టలేదు. కుక్క ఉన్నన్నాళ్లు పెట్టను, బుట్టలే పెట్టిస్తున్నాను. పొద్దున అయిదింటికి సైకిలు పక్కన కాలవ గట్టు మీద గంట పరిగెత్తిస్తున్నాను. వలలు లాగిన వంశం కదా, కాలవ చూస్తే ఆగదు. నా చెప్పు నీళ్లలో వేస్తే తెచ్చి ఇస్తది. రెండో చెప్పు మాత్రం నమిలేసింది.

దీన్ని అడుగుతూ ఇద్దరొచ్చారు. మొదటాయన చేపల చెరువు కాడ కాపలాకి కావాలన్నాడు. రాత్రీ పగలూ గట్టు మీద కట్టేస్తాడంట. ఇవ్వనన్నాను. “కుక్కకి కూడా సంబంధం చూస్తన్నావా అన్నాయ్” అని కోపంగా వెళ్లిపోయాడు. అవును, చూస్తున్నా.

రెండోది మా ఊరి కుర్రాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రోజూ పరుగు తీస్తన్నాడు, 1600 మీటర్ల టెస్టు ఉంది కదా, దానికి. కుక్కని చూడగానే నచ్చింది, కుక్కకి వాడు అంతకంటే నచ్చాడు. ఇద్దరూ గట్టు మీద ఆ చివరిదాకా పోయి వచ్చారు, కుక్కే ముందొచ్చింది. ఇచ్చేద్దామనుకున్నా. మరి ఉద్యోగం వచ్చి ట్రైనింగుకి పోతే ఎవరు చూస్తారురా అంటే నీళ్లు నమిలాడు. సాయంత్రానికి వాళ్లమ్మ ఫోను చేసింది. “వాడిని కాదు బాబాయ్, ముందు నన్ను అడుగు. అన్నం పెట్టేది నేను, తిట్టేది నేను, వాడు పోయాక తిప్పాల్సింది కూడా నేనే” అంది. ఇంతవరకు ఈ కుక్క విషయంలో సరైన మాట మాట్లాడింది ఆవిడొక్కతే.

ఆదివారం సాయంత్రం అయిదున్నరకి వస్తానంది. పొద్దున రమ్మనలేదు నేను, పరిగెత్తి వచ్చాక అది గోమాతలా పడుకుంటది. అయిదున్నరకైతే దాని అసలు రూపం ఉంటది. రాసిచ్చిన కాగితం చదివి వినిపిస్తాను. ఆ రోజు కోళ్లని గంప కింద మూయను. వాటి వెంట పడుద్ది, పడనీ. చూసి, కావాలంటే ఒక వారం ఇంట్లో ఉంచుకుని, అప్పుడు చెప్పమంటాను.