మామ్మగారి ఫోటోలు ఎక్కడ ఉన్నవి?



గత నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి వరండాలో చెప్పులు వెదుక్కుంటుండగా ఒక మామ్మగారు నన్ను ఆపారు. ఆమె మనుమరాలు డల్లాసులో కాపురముంటున్నది. పసిబిడ్డ ఫోటోలు వందలకొద్దీ పంపుతూ ఉంటుంది. "అబ్బాయ్, ఇన్ని ఫోటోలు ఈ ఫోనులో పట్టవంటున్నారు. అయినా నేను వేలు పెడితే వస్తూనే ఉన్నాయి. మరి ఇవన్నీ ఎక్కడ దాస్తున్నట్లు?" అని అడిగారు. పిల్లలు చెప్పగా విన్న మాటే నేనూ చెప్పాను: "క్లౌడులో ఉంటాయండీ. అంటే మబ్బు." ఆమె నవ్వి, "మబ్బు పడితే కళ్లంలో ధాన్యం తడుస్తుంది గాని, ఫోటోలు దాచుకోవడమేమిటి నాయనా!" అన్నారు.

ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. నిజమునకు అది మబ్బు కాదు. పెద్ద గోదాముల వంటి భవనములు. వాటిలో వేలాది కంప్యూటర్లు వరుసలుగా పేర్చబడి రాత్రింబగళ్లు పనిచేస్తూ ఉంటాయి. మన ఫోటోలు, వీడియోలు, బ్యాంకు లెక్కలు, ఫోనులో చూచే ఆరాధనలు, పాటలు అన్నీ అక్కడే ఉంటాయి. వీటిని డేటా సెంటర్లు అంటారు. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రముగా అటువంటి సేవలు ప్రారంభించింది. యంత్రములు నడుచుటకు కరెంటు కావాలి, అవి వేడెక్కుతాయి గనుక చల్లబరచుటకు మరల కరెంటు కావాలి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారము 2024లో ప్రపంచములోని డేటా సెంటర్లన్నీ కలసి సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడుకున్నవి. ప్రపంచము వాడిన కరెంటులో అది నూటికి ఒకటిన్నర వంతు. 2030 నాటికి ఇది రెండింతలు దాటునని ఆ సంస్థ అంచనా.

ఫోను చార్జింగుకు అయ్యే కరెంటు మనకు బిల్లులో కనబడదు, అంత స్వల్పము. అసలు ఖర్చు మన కంటికి దూరముగా జరుగుతున్నది.

ఆ కరెంటు ఎక్కడిది? విజయవాడ నుండి హైదరాబాదు బస్సులో వెళ్లినవారు ఇబ్రహీంపట్నము వద్ద ఎత్తైన పొగగొట్టములు చూచియే ఉంటారు. అది నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రము. 1979లో మొదలైనది. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 2023లో చేరిన 800 మెగావాట్లది ఒకటి, మొత్తము 2,560 మెగావాట్లు. బొగ్గు రైళ్లలో వస్తుంది. బూడిద ఇక్కడే మిగులుతుంది. గాలి వీచే రోజున ఆ బూడిద సంగతి చుట్టుప్రక్కల గృహిణులను అడగాలి, వారికి తెలిసినంత ఇంజనీర్లకు తెలియదు. నేను ఆ కేంద్రమును నిందించుట లేదు. నా చిన్నతనములో కిరసనాయిలు దీపము క్రింద చదువుకొన్న పల్లెలకు వెలుగు తెచ్చినది అటువంటి కేంద్రములే. దేశము మొత్తము మీద ఈనాటికీ కరెంటులో నూటికి 70 వంతుల ప్రాంతము బొగ్గు నుండే వస్తున్నది.

అయితే ఆ పొగ భూమిని వేడిచేస్తున్నదన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. మనము సముద్రమునకు ఎంత దగ్గరలో ఉన్నామో దివిసీమ వారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలాదిమంది పోయారు. ఆ ఉప్పెన బొగ్గు వలన వచ్చినదని నేను అనను. కాని సముద్రమట్టము పెరిగిన కొద్దీ అటువంటి ఉప్పెన ఇంకా లోపలికి వచ్చును. నాగాయలంక, కోడూరు పొలములలో ఉప్పు పైకి తేలుట గురించి రైతులు మాట్లాడుకొనునప్పుడు నాకు ఈ లెక్కలన్నీ జ్ఞాపకము వస్తాయి.

ఈ సంగతి మా యౌవనస్థుల కూటములో చెప్పగా, ఒక పెద్దాయన లేచి, "మన ఇంటి బల్బు కూడా ఆ బొగ్గు కరెంటుతోనే వెలుగుతున్నది గదండీ. కంపెనీలను అడగడానికి మనకేమి ముఖమున్నది?" అన్నారు. మంచి ప్రశ్న. ఆ రాత్రి సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. మన ఇంటికి తీగ ఒక్కటే వస్తుంది, దానిలో ఏది వస్తే అది తీసికోవలసిందే. కంపెనీ సంగతి వేరు. 2022లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన నిబంధనల ప్రకారము 100 కిలోవాట్లు, అంతకు మించి వాడేవారు సౌరవిద్యుత్తు, గాలిమరల విద్యుత్తు ఉత్పత్తి చేసేవారి వద్ద నేరుగా కొనుక్కోవచ్చును. ఏరుకొనే స్వాతంత్ర్యము ఎవరికి ఉన్నదో వారినే అడగాలి. అంగడిలో బియ్యము కొనేటప్పుడు "ఇవి ఏ ఊరివి, పాతవా కొత్తవా" అని అడుగుతాము గదా. అడిగినందుకు దుకాణదారుడు కోపగించుకోడు.

అడిగితే జరుగుతుందా అంటే, జరిగిన సందర్భములు ఉన్నవి. 2010లో ఫేస్‌బుక్ అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రములో డేటా సెంటరు కట్టబూనింది. ఆ ప్రాంతపు కరెంటు కంపెనీది ఎక్కువ భాగము బొగ్గు కరెంటు. గ్రీన్‌పీస్ అనే సంస్థ ఆ ఫేస్‌బుక్‌లోనే ప్రచారము మొదలుపెట్టింది. వాడుకొనేవారే వాడే చోటనే అడగడము! దాదాపు ఏడు లక్షలమంది గొంతు కలిపారు. 2011 డిసెంబరులో ఫేస్‌బుక్ ఇకమీదట డేటా సెంటర్లకు స్థలము ఎంచునప్పుడు శుభ్రమైన విద్యుత్తు దొరుకు చోట్లకు మొగ్గు చూపుతామని ప్రకటించింది. మరుసటి సంవత్సరము ఆపిల్ కంపెనీని అడిగారు, 2014లో అమెజాన్ కూడా మాట ఇచ్చింది.

మన దేశములో ఈ కథ ఇంకా దగ్గరగా జరిగింది. సెల్‌ఫోన్ టవర్ల ప్రక్కన జనరేటర్లు చూచారు గదా? కరెంటు పోగానే మా వీధి చివర టవరు జనరేటరు మొదలయ్యేది. ప్రసంగము వినబడేది కాదు, డీజిలు వాసన మాత్రము అందరికీ సమానముగా అందేది. దేశములోని టవర్లు ఏడాదికి సుమారు 200 కోట్ల లీటర్ల డీజిలు త్రాగుతున్నవని 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పత్రములు చెప్పినవి. అదే సంవత్సరము గ్రీన్‌పీస్ వారు డీజిలు మానండని ఫోను కంపెనీలను అడగనారంభించారు. 2012 జనవరిలో ప్రభుత్వము ఆదేశమిచ్చింది: 2015 నాటికి గ్రామాల టవర్లలో సగము, పట్టణాల టవర్లలో అయిదవ వంతు సౌరశక్తి వంటివి కలిపి నడవాలని. ఆ కాగితము మీది మాట అంతా నేలమీదికి రాలేదు. అయినా అడగకముందు ఆ కాగితమే లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది, ఓపికగా వినండి. "మేము నూటికి నూరు పాళ్లు పునరుత్పాదక విద్యుత్తుతో నడుస్తున్నాము" అని కంపెనీలు ప్రకటనలు ఇస్తాయి. గూగుల్ 2017 నుండి అట్లు చెప్పుచున్నది. ఆ మాట అబద్ధము కాదు, కాని పూర్తి నిజమూ కాదు. అది సంవత్సరము మొత్తానికి కూడిన లెక్క. ఒక రైతు జూన్‌లో నారుమడికి మీ వాటా కాలువ నీళ్లు మళ్లించుకొని, అక్టోబరులో వర్షము పడుచుండగా "ఇదిగో మీ నీళ్లు, లెక్క సరిపోయింది" అంటే మీరు ఒప్పుకొంటారా? నీళ్లు ఎన్ని అన్నది ఒక మాట, ఏ వేళకు అన్నది వేరొక మాట. సౌరఫలకములు మధ్యాహ్నము కరెంటు ఇస్తాయి. మనము వీడియోలు చూచేది రాత్రి ఎనిమిదింటికి. ఆ వేళ డేటా సెంటరును నడిపేది ఎక్కువగా బొగ్గే. గూగుల్ వారే ఈ లోపమును ఒప్పుకొని, 2030 నాటికి ప్రతి గంటా శుభ్రమైన విద్యుత్తే వాడుట తమ గురి అని 2020లో ప్రకటించారు. అయితే 2019తో పోల్చినయెడల 2023లో తమ కర్బన ఉద్గారములు 48 శాతము పెరిగినవని కూడా వారి నివేదికయే చెప్పింది. గురి పెట్టుట ఒకటి, చేరుట మరొకటి.

ఇప్పుడే అడగాలని ఎందుకంటున్నానంటే, 2025 అక్టోబరు 14న అదే గూగుల్ మన విశాఖపట్నములో బృహత్తరమైన డేటా సెంటరు పెట్టుచున్నామని ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. దాని పరిమాణము గిగావాటు స్థాయిలో, అనగా 1,000 మెగావాట్ల లెక్కన ఉంటుంది. మన ఇబ్రహీంపట్నము కేంద్రము మొత్తము శక్తిలో సుమారు రెండు అయిదవ వంతులు! శుభ్రమైన విద్యుత్తు, దానిని నిలువచేయు ఏర్పాట్లు, కొత్త లైన్లు తాము భాగస్థులతో కలసి పెట్టుబడి పెట్టి తెస్తామని కూడా ఆ ప్రకటనలోనే ఉన్నది. మన రాష్ట్రములో అది అసాధ్యము కాదు. కర్నూలు ప్రాంతములో 1,000 మెగావాట్ల సౌరపార్కు 2017లోనే పూర్తయినది. పిన్నాపురము వద్ద గ్రీన్‌కో సంస్థ చేపట్టిన పథకములో చవక కరెంటు ఉన్న వేళ నీటిని పైకి తోడి, అవసరమైన వేళ క్రిందికి వదలి కరెంటు తీస్తారు. రాత్రి ఎనిమిదింటి ప్రశ్నకు జవాబు అటువంటి చోటనే ఉన్నది. ఉద్యోగములు వస్తాయని మన పిల్లలు సంతోషిస్తున్నారు, నేనూ సంతోషిస్తున్నాను. పునాది పడేటప్పుడు అడుగుట సులభము, గోడలు లేచిన తరువాత కష్టము.

మా యౌవనస్థులు నాలుగు వారముల క్రిందట ఒక ఉత్తరము వ్రాశారు. మేము వాడే ఒక కంపెనీకి. దాని పేరు ఇక్కడ వ్రాయను. మీ డేటా సెంటర్లకు కరెంటు ఎక్కడ నుండి వస్తుంది, పగలు ఎంత, రాత్రి ఎంత, బొగ్గు ఎప్పటికి మానుతారు అని మర్యాదగా అడిగారు. జవాబు మూడు రోజులలో వచ్చింది. "మీ అభిప్రాయము మాకు అమూల్యము" అని మొదలై, పచ్చని ఆకుల బొమ్మతో ముగిసింది. మధ్యలో మా ప్రశ్నలకు ఒక్కదానికీ జవాబు లేదు. పిల్లలు డీలాపడ్డారు.

అన్యాయపు న్యాయాధిపతి యొద్దకు మాటిమాటికి వచ్చిన విధవరాలి సంగతి వారికి గుర్తుచేశాను. అంత దూరము ఎందుకు, మన ఊరిలోనే చూడండి. 2014 నవంబరులో స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారుజామున చీపుళ్లు పట్టినప్పుడు, ఇది వారం రోజుల ముచ్చట అన్నవారిలో నేనూ ఒకడిని.

రెండవ ఉత్తరము సిద్ధమైనది. ఈసారి ప్రశ్న ఒక్కటే వ్రాశారు: రాత్రి ఎనిమిది గంటలకు మీ యంత్రములు దేనితో నడుస్తున్నవి? నలభై ఇద్దరు సంతకములు చేశారు. మామ్మగారికి చదివి వినిపించగా, కళ్లజోడు తెప్పించుకొని పేరు తెలుగులో పూర్తిగా వ్రాసి, క్రింద ఫోను నెంబరు కూడా వేశారు, ఏమైనా అడుగుతారేమోనని. జవాబు వచ్చినయెడల ఈ శీర్షికలోనే తెలియజేస్తాను.