సర్పంచ్ శిక్షణకు గ్రామసభే గీటురాయి

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక స్థానిక సంస్థల్లో మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు దక్కాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ వాటా తర్వాత సగానికి పెరిగింది. పంచాయతీ ఎన్నికలు జరిగిన ప్రతిసారీ వేలమంది మహిళలు సర్పంచులవుతున్నారు. వారి శిక్షణకు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది. 2018లో మొదలైన రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ కింద నిధులూ ఉన్నాయి. అయితే శిక్షణ ఫలించిందో లేదో హాజరు పట్టిక, ధ్రువపత్రాల లెక్క చెప్పలేవు.

శిక్షణను నాలుగు అంచెల్లో మదింపు చేయాలని అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే సూచించారు. తరగతి నచ్చిందా, విషయం ఒంటబట్టిందా, పనితీరు మారిందా, ఫలితం కనిపించిందా అన్నవే ఆ అంచెలు. మొదటి రెండింటినీ శిక్షణ గదిలోనే తేల్చవచ్చు. మిగతా రెండింటి కోసం ఊరికి వెళ్లాలి.

అందుకే పాఠ్యప్రణాళికను చివరి అంచె నుంచి మొదలుపెట్టి రాసుకోవాలి. గ్రామసభ ఎజెండాను సర్పంచే ఖరారు చేయాలన్నది లక్ష్యమైతే, చట్టం మీద ఉపన్యాసం చాలదు. బడ్జెట్ పద్దులు చదవడం, తీర్మానం రాయించడం, కార్యదర్శిని లెక్క అడగడం సాధన చేయించాలి. తెలంగాణ 2018 చట్టం సర్పంచ్, ఉపసర్పంచ్‌లకు ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. కాబట్టి అక్కడ ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి నేర్పాలి. భార్య పేరిట భర్త పెత్తనం చేసే ఊళ్లలో సంతకానికి ముందు ఏం అడగాలో ఆమెకు తెలిసి ఉండాలి.

నాయకత్వాన్ని కొలవలేమన్న వాదన నిలవదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలోని 265 పంచాయతీలను పరిశీలించిన రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లోల అధ్యయనం 2004లో వెలువడింది. మహిళలకు రిజర్వయిన చోట తాగునీటికి ఎక్కువ ఖర్చయిందని అది తేల్చింది. వారు చూసింది మాటలను కాదు, ఊళ్లో జరిగిన పనులను. రిజర్వేషన్ యాదృచ్ఛికంగా ఖరారైనందువల్లే మార్పునకు కారణమేమిటో నమ్మకంగా చెప్పగలిగారు.

మనకూ ఆ వీలుంది. అందరికీ ఒకేసారి శిక్షణ ఇవ్వలేం కాబట్టి బ్యాచ్‌ల క్రమాన్ని లాటరీతో నిర్ణయించాలి. ముందు శిక్షణ పొందినవారి పంచాయతీలనూ, ఇంకా వంతు రానివారి పంచాయతీలనూ ఆరు నెలల తర్వాత పోల్చాలి. గ్రామసభకు ఎంతమంది మహిళలు వచ్చారు, ఎందరు మాట్లాడారు, ఎన్ని తీర్మానాలు అమలయ్యాయి అన్నవి చూడాలి. నిధులు అందని పంచాయతీలను విడిగా లెక్కించాలి. ఖజానా తప్పు సర్పంచ్ మీద పడకూడదు.

మదింపునకు బడ్జెట్‌లో వాటా శిక్షణ మొదలయ్యే ముందే కేటాయించాలి. పదవీకాలం అయిదేళ్లే. మొదటి ఏడాదిలో దొరికిన లోపాన్ని రెండో ఏడాది దిద్దుకోగలిగితేనే శిక్షణ ఆ సర్పంచులకు అక్కరకొస్తుంది.