గూడుబండిలో అలమార

అనువాదకులకు ఒక దురలవాటు ఉంటుంది. క్రొత్త వస్తువేది కంటబడినా, అది ఎందుకు పనికివస్తుందో విచారించడానికి ముందే దానిని తెలుగులో ఏమనాలా అని ఆలోచనలో పడతారు. నిరుడు వేసవిలో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో మా అన్నయ్య ఇంటి పెరట్లో ఒక వస్తువును చూసి నేనూ అలాగే నిలబడిపోయాను. కారు వెనుక తగిలించుకుని ఊరూరా లాక్కుపోవడానికి వీలైన చిన్న గది అది. ట్రైలర్ అందామంటే మన పల్లెలలో ఆ మాటకు ట్రాక్టరు వెనుక ఇటుకలు మోసే తొట్టి అని అర్థం. పట్నాలలోనైతే విడుదల కాబోయే చలనచిత్రపు తునక. చాలాసేపటికి మా అమ్మమ్మ నాటి మాట ఒకటి నోటికి వచ్చింది: గూడుబండి. ఆడవాళ్ళనూ పిల్లలనూ ఎక్కించుకుని తిరునాళ్ళకు వెళ్ళిన బండి. ఎద్దులూ వెదురు తడికలూ లేకపోయినా, తలమీద ఒక గూడు, ఆ గూటిలో ఒక సంసారం. ఉద్దేశం ఒక్కటే గదా!

ఈ బండి పేరు బోలర్. దొరలు పెట్టుకునే గుండ్రని బౌలర్ టోపీని పోలి ఉన్నదని ఆ పేరు వచ్చింది. పుట్టినది కూడా విన్నిపెగ్‌లోనే, 1968లో. రే ఒలెక్కో అనే ఆయన అంతకు ముందు ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకును రూపొందించాడు. ఆ పదార్థంతోనే తేలికైన ప్రయాణపు గదిని ఎందుకు చేయకూడదని ఆయనకు తోచింది. అచ్చుల పనిలో సాండర్ డూసా అనే ఆయన తోడు నిలిచాడు. మురికినీటి తొట్టి నుంచి విహారయాత్రకు దారి తీసిన ఆలోచన నాకు ఎంతగానో నచ్చింది.

ఫైబర్‌గ్లాస్ అంటే గాజుపోగులే. వాటిని రెసిన్ అనే జిగురులో తడిపి అచ్చులో పొరలుగా పరచి గట్టిపడనిస్తే గుల్లవంటి పెంకు వస్తుంది. బోలరుకు పై సగం ఒక పెంకు, క్రింది సగం మరొక పెంకు. రెండింటినీ బోర్లించిన చిప్పలవలె కలిపి నడుము దగ్గర అతుకుతారు. ముందరి కొక్కెంతో సహా పొడవు 13 అడుగులు. తొలినాటి బండ్ల బరువు 1000 పౌండ్లకు లోపే. చిన్న కారు ఉన్న సామాన్య గృహస్థు కూడా దానిని లాక్కుపోగలిగాడంటే కారణం అదే. 1988 నాటికి వాటి తయారీ ఆగిపోయింది. అయినా 2018లో విన్నిపెగ్‌లో జరిగిన యాభయ్యేళ్ళ పండుగకు వందలకొద్దీ బోలర్లు తరలివచ్చాయి. గుల్లకు తుప్పు పట్టదు, చెద పట్టదు. పాడయ్యేది లోపలి చెక్క. కిటికీల అంచుల నుంచి, మేకుల రంధ్రాల నుంచి నీరు దిగి, అడుగున పరచిన ప్లైవుడ్ నాని చివికిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు లోపలి సామానంతా పీకివేసి, మళ్ళీ కట్టే ఓపిక లేక బండిని అమ్మకానికి పెడతారు.

అన్నయ్య కొన్నది అటువంటి బండే. "లోపల ఖాళీ, మీ ఇష్టం వచ్చినట్లు కట్టుకోవచ్చు" అని ప్రకటనలో ఉన్నదట. అన్నయ్యకు ఆ ఖాళీయే నచ్చింది. వదినకు అదే నచ్చలేదు.

వాళ్ళ సంగతి కొంత చెప్పాలి. ముప్పయ్యేళ్ళు ఆ దేశంలో కాపురం చేసి వాళ్ళు చూసినది ఇల్లూ, ఆఫీసూ, పిల్లల బడీ, ఏడాదికి అయిదు నెలల మంచు. అన్నయ్యది జమాఖర్చుల ఉద్యోగం. నాకంటె పదమూడేళ్ళు పెద్ద. ఈమధ్యనే పదవీ విరమణ చేశాడు. అంతకు ముందరి ఏడు గుండెకు శస్త్రచికిత్స జరిగింది. వదినకు కీళ్ళవాతం, డేరా వేసుకుని నేలమీద పడుకోలేదు. పడమటి దిక్కున రాకీ పర్వతాలు 1400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వాటిని చూడాలని ఆమె పెళ్ళయిన క్రొత్తలో గోడకు తగిలించుకున్న క్యాలెండరు బొమ్మ ఇంకా దాచుకున్నది. ఆ ఊళ్ళో వేసవి మూణ్ణాళ్ళ ముచ్చట. ఒక వేసవి ఈ బండి క్రిందనే గడిచిపోయింది. "ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదమ్మాయ్" అన్నది వదిన వంటింట్లో నాతో. ఎందుకు కాదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

బండికి వచ్చిన చిక్కు తలుపు దగ్గర. బోలరు తలుపు గోడ వంపునే అనుసరించి వంగి ఉంటుంది. అన్నయ్య బండికి క్రింది భాగం సరిగా కూర్చున్నా, పైభాగాన వ్రేలు దూరేంత సందు మిగిలేది. బందులు మార్చాడు. రబ్బరు పట్టీ మార్చాడు. తలుపే వంకరపోయిందని తేల్చి మరొకదాని కోసం వెదికాడు. వాన కురిస్తే కప్పు నడుమ, గాలికోసం అమర్చిన కిటికీ చుట్టూ పళ్ళెమంత నీరు నిలిచేది. "యాభయ్యేళ్ళ బండి చెల్లాయ్, నడుము వంగదా!" అని నవ్వేవాడు. ఇక లోపలి పనికి ఆయన గీసుకున్న పటమైతే చూడముచ్చటగా ఉన్నది. గోడలనిండా తెల్లరంగు, వెనుక వెడల్పాటి పడక, ముందు ఒక సోఫా, నడుమ చేతులు చాచుకునేంత ఖాళీ. తలుపు ప్రక్కన మొదట ఉండిన నిలువు అలమార వట్టి దండుగ అని దానిని కొట్టివేశాడు.

ఒక ఆదివారం సాయంత్రం వాహ్యాళికి వెళ్ళినప్పుడు, రెండు వీధుల అవతల ఒక ముసలాయన వాకిట్లో చెక్కుచెదరని బోలరు కనబడింది. ఆయన కర్మాగారం నుంచి తెచ్చుకున్ననాటి నుంచీ దానిలో ఒక్క చెక్కనైనా మార్చలేదట. మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. అన్నయ్య జేబులో కొలతపట్టీ ఎప్పుడూ ఉంటుంది. నేల నుంచి కప్పు వరకు కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. మా బండి కంటె ముప్పాతిక అంగుళం ఎక్కువ. ముసలాయన విషయం విని, తలుపు ప్రక్కన ఉన్న అలమారను వ్రేలి కణుపులతో తట్టి, చొక్కాలు తగిలించుకోవడం దానికి రెండో ఉద్యోగమనీ, మొదటి ఉద్యోగం కప్పును మోయడమనీ చెప్పాడు.

ఎండిన సొరకాయ బుర్ర నిండుగా ఉన్నంతవరకు ఎంతో గట్టి. దానికి కంతలు కోసినకొద్దీ నీరసిస్తుంది. ఈ గుల్లకైతే తలుపు కోసం ఒక పెద్ద కంత, చుట్టూ కిటికీలకు కంతలు, నడినెత్తిన గాలికి మరొకటి. వంపు తిరిగిన చోట్ల పెంకు తన బరువును తాను మోసుకుంటుంది గాని, కప్పు నడుమ ఇంచుమించు బల్లపరుపుగా ఉన్న చోట మోయలేదు. నిర్మాతలు ఆ లోటును లోపలి సామానుతో తీర్చారు. నిలువు అలమార కప్పు క్రింద రాటవలె నిలుస్తుంది. వంటగట్టుకు పైనున్న అరలు గోడనూ కప్పునూ కలిపి బిగిస్తాయి. గుల్ల సామానును కప్పి ఉంచుతుంది, సామాను గుల్లను నిలబెడుతుంది. పాత యజమాని అలమారను ఊడబెరికిన నాటి నుంచి కప్పు ఏటేటా కొద్దికొద్దిగా దిగి, గోడను ప్రక్కకు త్రోసివేస్తూ వచ్చింది. తలుపు దోషమేమీ లేదు, అది తన పూర్వరూపంలోనే ఉన్నది.

ఇంటికి వస్తుండగా నా పాత తప్పు ఒకటి జ్ఞాపకం వచ్చింది. పదిహేనేళ్ళ క్రితం ఒక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తూ, గోడగడియారం మీద అరపేజీ వర్ణన ఉంటే, కథకు అడ్డుగా తోచి నిస్సంకోచంగా తీసివేశాను. ఆ వర్ణనలో ఒక నౌకరు పేరైనా లేకుండా గడియారం ముందు నుంచి నడిచిపోతాడు. చివరి అధ్యాయాలలో సాక్ష్యం చెప్పేది అతడే. పుస్తకం అచ్చయిన తరువాత ఒక పాఠకురాలు, ఈ మనిషి ఎక్కడి నుంచి ఊడిపడ్డాడని ఉత్తరం వ్రాసింది. జవాబు వ్రాయడానికి నాకు వారం రోజులు పట్టింది. ఈ కథ అన్నయ్యకు చెప్పలేదు. ఆయన అసలే పటం చింపుకుంటున్నాడు.

మరునాటి నుంచి అసలు పని మొదలయింది. ముందుగా చట్రం నాలుగు మూలలా జాకీలు పెట్టి బండిని మట్టానికి తెచ్చాము. బండి ఒరిగి ఉంటే లోపల ఏ కొలతా నమ్మదగినది కాదు. కప్పు క్రింద మెత్తని గుడ్డ చుట్టిన పలక ఒకటి, దానికి ఆసరాగా ఒక దూలం, దూలం క్రింద చిన్న జాకీ. ఒక్కసారిగా ఎత్తితే పెంకు పగులుతుంది. అందుచేత ఎండకు గుల్ల వేడెక్కిన మధ్యాహ్నవేళ చూసి రోజుకు కొంచెం చొప్పున ఎత్తాడు. నాలుగవ రోజున వదిన తలుపు త్రోసింది. చప్పుడు లేకుండా పోయి చట్రంలో కూర్చున్నది. ఆమె దానిని మళ్ళీ తెరిచి మళ్ళీ మూసింది.

దూలాన్ని తీయకుండానే అలమారకు పలకలు కోయాలి. ఆ గుల్లలో తిన్నని గీత ఒక్కటీ లేదు. మూలమట్టం పెట్టెలోనుంచి బయటకు రానేలేదు. అట్టముక్కను గోడకు ఆనించి, వృత్తలేఖిని ఒక కాలును గోడ వెంట నడిపిస్తే రెండవ కాలు అట్టమీద ఆ వంపును గీస్తుంది. కత్తిరించి చూడడం, మళ్ళీ గీయడం. ఒక్క పలకకు ఏడు అట్టలు ఖర్చయ్యాయి. చెక్క అంచు పెంకుకు నేరుగా గట్టిగా తగిలితే, కుదుపులకు అక్కడే ఒత్తిడి పడి బయటకు గీత తేలుతుంది. అందుకని నడుమ పలుచని స్పాంజి పట్టీ ఉంచి, రెండువైపులా గాజుగుడ్డ పట్టీలను రెసిన్‌తో అతికాడు. కర్మాగారంవారు రివెట్లు వాడేవారు; కాని ప్రతి రివెట్టూ గోడకు ఒక రంధ్రమే, ఏనాటికైనా నీరు దిగే దారే. అతుకు పట్టాలంటే పాత రంగంతా గరుకు కాగితంతో గీకి, లోపలి పెంకు బయటపడ్డ తరువాత అసిటోన్‌తో తుడవాలి. పాత పాలియెస్టర్ గుల్లమీద క్రొత్త పాలియెస్టర్ కంటె ఎపాక్సీ రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని ఆయన అదే వాడాడు.

ఆ గీకుడు పని గురించి ఒక మాట. గాజుధూళి ఒంటికి తగిలితే మన దూలగొండి గుర్తుకు వస్తుంది. ముక్కుకు వడపోత ముసుగు, కళ్ళకు అద్దాలు, ముంజేతుల వరకు తొడుగులు లేకుండా ఎవరూ తలపెట్టకూడదు. ఒకనాడు చొక్కా చేతులు మడుచుకున్న పాపానికి నేను రాత్రంతా నిద్రపోలేదు.

తక్కినవి త్వరగానే సాగాయి. ఒంటిపొర గుల్ల కనుక రాత్రి మనుషుల ఊపిరి చల్లని గోడకు తగిలి నీరుగా కారుతుంది. కాబట్టి లోపల స్పాంజి పొర అతికి, కప్పు కిటికీని పడుకునేటప్పుడు కొంచెం తెరిచి ఉంచాలని నిర్ణయమయింది. బరువు దగ్గర మాత్రం భార్యాభర్తలకు వాదం వచ్చింది. బండి మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ముందరి కొక్కెం మీద పడాలి. అంతకు తగ్గితే వేగంలో బండి తోక ఆడించి కారును కూడా ప్రక్కకు లాగివేస్తుంది. అన్నయ్య బ్యాటరీని వెనుక పడక క్రింద పెట్టి, స్నానాలగదిలోని కాటాను కొక్కెం క్రింద ఉంచి చూస్తే తేలిక వచ్చింది. బ్యాటరీ ముందుకు మారింది. టేకు వంటగట్టు కావాలన్న కోరిక పలుచని ప్లైవుడ్‌తో తీరింది. గ్యాసు విషయంలో వదిన తీర్పే నెగ్గింది. ప్రొపేన్ గాలికంటె బరువు, కారితే అడుగున చేరి కూర్చుంటుంది. "ఏమండీ, మీ గుండెకు ఒక ప్రమాదం చాలు. పొయ్యి బయటే!" అన్నది. విషవాయువును పసిగట్టే గంటను మాత్రం ఎందుకైనా మంచిదని బిగించారు.

రెసిన్ పూర్తిగా గట్టిపడనిచ్చి, వారం తరువాత కప్పు క్రింది దూలాన్ని తొలగించాడు. ముగ్గురం ఊపిరి బిగపట్టి తలుపువంక చూస్తూ నిలబడ్డాము. అది కదలలేదు. ఆ రాత్రి వాన కురిసింది. తెల్లవారి చూస్తే కప్పుమీద నీరు నిలువలేదు.

అప్పటికి ఆగస్టు చివరకు వచ్చింది. రాకీలకు వ్యవధి చాలదు. మూడు గంటల దూరంలో ఉన్న రైడింగ్ మౌంటెన్ జాతీయోద్యానవనానికి వెళ్ళి, సరస్సు ప్రక్కన రెండు రాత్రులు గడిపి వచ్చాము. అన్నయ్య గురకకు కప్పు నిలిచిందంటే ఇక దేనికైనా నిలుస్తుందని వదిన అన్నది. రాకీల ప్రయాణం ఈ జూలైలో. క్యాలెండరు బొమ్మను అలమార తలుపుకు లోపలివైపు అంటించారట. మొన్న ఫోనులో మాట్లాడినప్పుడు చెప్పింది: అలమారలో చొక్కాలకు పోగా మిగిలిన చోట ఊరగాయ జాడీలు సర్దిందట. అన్నయ్య ఒక్కొక్క జాడీనీ కాటామీద పెట్టి తూస్తున్నాడు.