సీసం ఉందో లేదో మన నాలుక చెప్పలేదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మన టేకులపల్లి మండలంలో గుంపుకు పోయినా, తండాకు పోయినా నీళ్ల గురించి ఒకటే ముచ్చట. భగీరథ నీళ్లు మందు వాసన, బోరు నీళ్లు చిలుము, వాగు చెలమ నీళ్లే తియ్యగుంటయి అని. మన పెద్దోళ్లు నాలుకతోనే నీళ్లను పరీక్ష చేస్తరు. ఇనుముకి, ఉప్పుకి అది సరిపోద్ది. నీళ్లలో కరిగిన సీసం మాత్రం రంగు, వాసన, రుచి ఏదీ చూపించదు.

అది గోదావరి నుంచే రావాలని లేదు. చాలాసార్లు చివరి నాలుగు గజాల్లోనే కలుస్తది. పీవీసీ పైపు తయారీలో ప్లాస్టిక్ వేడికి చెడకుండా సీసం కలిపేవాళ్లు. దాన్ని ఆపడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది, కానీ అంతకుముందు వేసిన పైపుల్ని ఎవరు తవ్వి తీస్తరు? ఇత్తడి నల్లాల్లో, అతుకుల టంకంలో కూడా సీసం ఉండొచ్చు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లలోకి అది మెల్లగా దిగుతది. మన దేశ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. పిల్లలకు ఇంత వరకు పర్వాలేదు అనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, ఎందుకంటే దెబ్బ పడేది ఎదిగే మెదడు మీద.

హాస్టల్లో ఎవరికి ఏమైనా "కాచిన నీళ్లు తాగు" అంటాం. క్రిములకు మంచిదే. సీసం మాత్రం పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుద్ది. ఇక రాగి చెంబు ఈ మధ్య ఫ్యాషన్ అయింది. ఉత్త నీళ్లు పోస్తే భయం లేదు గానీ నిమ్మరసం, మజ్జిగ మాత్రం అందులో పోయకండి, రాగి కరిగి కడుపులో తిప్పుతది.

2020 డిసెంబర్‌లో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛలతో పడిపోయారు గుర్తుందా? మొదట నీళ్లు బాగానే ఉన్నయన్నారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు చెప్పారు. ఆ తర్వాత పురుగుమందుల మాట వచ్చింది. అంత పెద్ద ఊరికే అట్లయితే, మన గుంపులో పిల్లోడికి చదువు ఎక్కకపోతే నీళ్లను ఎవరు అనుమానిస్తరు? మొద్దు అని పేరు పెడతరు, అంతే.

అందుకే నేనడిగేది ఒక్కటి. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, అంగన్‌వాడీల నల్లా నీళ్లను ఏడాదికోసారి ల్యాబులో సీసానికి పరీక్షించి, రిపోర్టు గోడకు అంటించాలి. ఊళ్లో వాడే చిన్న కిట్టుతో సీసం తెలియదు. నమూనా కూడా తెల్లవారి మొదటి నీళ్లదే తీయాలి. సారు వచ్చే ముందు పది నిమిషాలు నల్లా తిప్పి వదిలితే రిపోర్టు అందంగానే వస్తది మరి! ఆర్వో క్యాను కొనుక్కోండి అనేవాళ్లకు ఒకటే మాట, కూలి రోజుల్లో క్యాను డబ్బులు ఎవరిస్తరు?

అప్పటిదాకా పొద్దున మొదటి రెండు బకెట్లు అంట్లకో చెట్లకో వాడి, తర్వాతివి తాగుడుకు పట్టుకోమని ఇంట్లో చెప్పండి.

భద్రాచలం ఐటీడీఏలో సోమవారం గిరిజన దర్బార్‌కు అర్జీ నేను రాస్తా. మీ ఊరు, మీ స్కూలు పేరు, నల్లా ఎప్పుడు వేశారో కింద పెట్టండి. ఎవరెవరు వస్తరో కూడా చెప్పండి.