మందుల సంచి

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పూర్వులు అనేవారు. ఆ మాటలో అతిశయోక్తి కొంత ఉన్నా అనుభవమే ఎక్కువ. దారిలో జ్వరం వచ్చినా, వాంతిభేదులు పట్టుకొన్నా ఆదుకొనే వైద్యుడు లేని కాలమది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరి తిరిగి ఇల్లు చేరడానికి పదిహేను నెలలకు పైగా పట్టింది. నేడు శంషాబాదులో విమానమెక్కినవారు ఒకటి రెండు రోజులలో అమెరికాలోని బిడ్డల ఇంట కాలు పెడుతున్నారు. ప్రయాణకాలం తగ్గింది గాని ప్రయాణికుని దేహం మారలేదు. నాటి యాత్రికుడు దారిలో రోగం తగులుతుందేమోనని భయపడేవాడు. నేటి యాత్రికులలో అనేకులు రోగాన్ని ఇంటి నుండే వెంటబెట్టుకొని పోతున్నారు.

మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, గుండెజబ్బు మొదలైనవి వచ్చి పోయే చుట్టాలు కావు. మనిషితో కాపురం చేసేవి. ఇవి ఉన్నవారు సముద్రాలు దాటరాదనడం సమంజసం కాదు. 1922 జనవరిలో టొరంటో నగరంలో పద్నాలుగేళ్ల బాలునికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఆ వ్యాధి తీవ్రరూపంలో వచ్చిన పిల్లలు ఎంతో కాలం బతికేవారు కారు. అటువంటి మందు చేతికి వచ్చి వందేళ్లు దాటిన తర్వాత కూడా మధుమేహం ఉన్నదని మనిషిని ఇంటి గడపకు కట్టివేయడం అన్యాయం. అయితే వెళ్లవచ్చుననడం వేరు. ఏ ఏర్పాటూ లేకుండా వెళ్లవచ్చుననుకోవడం వేరు. తెలుగువారి ఇళ్లలో ఈ భేదం తరచుగా చెరిగిపోతున్నది.

కూతురి పురిటికో, మనుమడి అన్నప్రాశనకో అమెరికాకు బయలుదేరే దంపతుల ఇల్లు ఒక్కసారి పరికించాలి. ప్రయాణానికి నెల ముందే ఆవకాయ జాడీ మీద చర్చ మొదలవుతుంది. కందిపొడి, సున్నుండలు, అప్పడాలు, పసివానికి వెండి గ్లాసు, అల్లునికి పట్టుపంచె వరుసగా మంచం మీదికి చేరుతాయి. పెట్టె బరువు ఇరవైమూడు కిలోలు దాటకూడదని కాటా మీద నాలుగుసార్లు తూస్తారు. ఆవకాయ మూతకు మూడు పొరల ప్లాస్టిక్ కాగితం చుడతారు. మందుల మాట జ్ఞాపకం వచ్చేది చివరి రాత్రి. అప్పుడు వాటిని చేతికందిన సంచిలో వేసి, పెద్దపెట్టెలో చీరల అడుగున సర్దుతారు. ఆవకాయకు దక్కిన గౌరవం ఇన్సులిన్‌కు దక్కదు. ఆ పెట్టె దారి తప్పి మరొక నగరానికి చేరితే పచ్చడి లేకుండా పది రోజులు గడుస్తాయి. మందు లేకుండా గడవవు. ఇన్సులిన్‌ను వాడనంత వరకు 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అది గడ్డకడితే చెడిపోతుంది. సామాను ఉంచే చోట చలి ఎంత ఉంటుందో ప్రయాణికునికి తెలియదు. కనుక అది ఉండవలసిన స్థలం చేతిసంచియే. 2006 తర్వాత విమానంలోకి ద్రవపదార్థాలు తీసుకొనిపోవడంపై కట్టుబాట్లు వచ్చినా, అవసరమైన మందులకు వాటినుండి మినహాయింపు ఉన్నది. వైద్యుడు రాసి ఇచ్చిన చీటీ వెంట ఉంటే సూదులను చూపడానికి సంకోచించనక్కరలేదు.

సర్దుబాటులోని లోపం కంటె పెద్దది మరొకటి ఉన్నది. అది మౌనం. మాత్రలతో అదుపు తప్పి, ఆరు నెలల క్రితమే సూదిమందు మొదలుపెట్టిన తల్లి ఆ సంగతి కొడుకుకు చెప్పదు. "అంతా బాగానే ఉంది నాయనా" అంటుంది. దూరాన ఉన్న బిడ్డను దిగులుపెట్టడం ఎందుకని ఆమె ఆలోచన. కొడుకు టిక్కెట్టు పంపుతాడు, వీసా కాగితాల గురించి పదిసార్లు ఫోను చేస్తాడు; ఆమె ఏ మందులు వాడుతున్నదో ఒక్కసారి కూడా అడగడు. ఇరువైపులా ఉన్నది ప్రేమే. కాని ఆ ప్రేమ ఆసుపత్రి వాకిట పనికిరాదు. సందర్శకుల కోసం అమ్మే బీమా పత్రాలలో అనేకం, అంతకుముందే ఉన్న వ్యాధులకు వర్తించవు. వర్తించినా పరిమితులు ఎక్కువ. అసలు వ్యాధి సంగతే తెలియని కొడుకు చవకైన పత్రం కొని నిశ్చింతగా ఉంటాడు. తీరా ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు, అక్కడి వైద్యం ఖరీదు విని ఉన్న తండ్రి, కొడుకుకు అప్పు తెచ్చిపెట్టడం ఇష్టంలేక తెల్లవారేదాకా పళ్లబిగువున ఓర్చుకొంటాడు. దాచిన వ్యాధి అక్కడ రెండవసారి దాగుతుంది.

తెలియక జరిగే పొరపాట్లు కూడా చిన్నవి కావు. భారతదేశంలో సీసాలలో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. అమెరికాలో సాధారణంగా దొరికేది 100 యూనిట్లది. సిరంజీలు కూడా అందుకు తగినట్లే వేరు; ఇక్కడి 40 యూనిట్ల సిరంజీకి ఎర్రమూత, 100 యూనిట్ల దానికి నారింజరంగు మూత ఉంటాయి. ఇంటి నుండి తెచ్చిన మందు అయిపోయి అక్కడి సీసా కొని, వెంట ఉన్న పాత సిరంజీతోనే ఇరవై గీత వరకు తీసుకొంటే ఒంట్లోకి పోయేది ఇరవై కాదు, యాభై యూనిట్లు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, వణికి, స్పృహ తప్పడానికి అది చాలు. మాత్రల పేర్లదీ ఇదే తీరు. ఇక్కడ పారాసిటమాల్ అన్నది అక్కడ ఎసిటమినోఫెన్. ఇక్కడి సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్. కంపెనీ పెట్టిన పేరు మాత్రమే తెలిసినవాడు అక్కడి మందులదుకాణంలో మూగవాడే.

కాలభేదాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. హైదరాబాదుకు, న్యూయార్కుకు మధ్య చలికాలంలో పదిన్నర గంటల తేడా ఉన్నది. పడమరకు పోయేవారికి పగలు సాగుతుంది. తూర్పుకు తిరిగి వచ్చేవారికి రోజు కుంచించుకొనిపోతుంది. మందువేళలను అందుకు అనుగుణంగా ఎలా మార్చుకోవాలో ముందే వైద్యుడు చెప్పాలి, చేతిగడియారం చెప్పలేదు. సూదిమందు వేసుకొన్న తర్వాత, విమానంలో ఇచ్చిన భోజనం శాకాహారమో కాదోనన్న అనుమానంతో పళ్లెం వెనక్కి పంపి పస్తుండేవారు కూడా ఉన్నారు. ఆచారాన్ని ఆక్షేపించనవసరం లేదు. ముందుగా చెబితే శాకాహారం ఏర్పాటు చేస్తారు, చేతిసంచిలో నాలుగు బిస్కెట్లకు, కొంచెం చక్కెరకు చోటు ఉండనే ఉంటుంది.

అమెరికాకు పోయేవారిని మాత్రమే తలచుకొని ఊరుకోవడం పాక్షికత్వం అవుతుంది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు కూలికి పోయేవారూ వ్యాధిని దాస్తున్నారు. తల్లి ప్రేమతో దాస్తే, కూలి భయంతో దాస్తాడు. మధుమేహం ఉన్నదని తెలిస్తే పని పోతుందని, తెచ్చిన అప్పు తీరదని అతని భయం. ఎండలో పనిచేసి వచ్చి, పదిమంది ఉండే గదిలో మందును ఎక్కడ చల్లగా ఉంచుకోవాలో తెలియని మనిషిని చూసి, ఎందుకు దాచావని గద్దించడం సులభమే గాని న్యాయం కాదు. అక్కడ తప్పు అతని మౌనానిది కాదు. అతడు నోరు విప్పితే కూడు పోయే ఏర్పాటుది. అతనికి చట్టాల బెడద కూడా ఉన్నది. నొప్పికి ఇక్కడ వైద్యులు రాసే ట్రమడాల్ అనే మందు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నియంత్రణలో ఉన్నది. ముందుగా అనుమతి లేకుండా తీసుకొనిపోతే నేరమవుతుంది. మాంసం కూరలో వేసే గసగసాలు సైతం ఆ దేశంలో నిషిద్ధం. ఊరివాడెవరో తన తమ్మునికిమ్మని ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా పెట్టెలో వేసుకొనడం మర్యాద అనిపించుకొనవచ్చును గాని, దాని ఫలితం ఆ పొట్లం ఇచ్చినవాడు అనుభవించడు.

గల్ఫ్ కూలీ భయం ఒక కుటుంబం తీర్చగలిగినది కాదు. తల్లిదండ్రుల మౌనం మాత్రం ఇంట్లోనే తీరగలదు. టిక్కెట్టు కొనే ముందే కొడుకు అడగాలి. మొదటిసారి అడిగినప్పుడు తల్లి ఏమీ లేదనే అంటుంది. అక్కడితో ఊరుకోకుండా, వైద్యుని చీటీ ఎదురుగా పెట్టుకొని మందుల పేర్లు ఒక్కొక్కటే చదవమనాలి. అప్పుడు ఆమె కళ్లజోడు కోసం లేస్తుంది.